మీ అమ్మ, మా బాపు, ఫ్రెంచి క్లాసు

పోయిన వారం అల్వాల్‌లో బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు పక్కన తోపుడు బండి మీద గింజలున్న ద్రాక్షపళ్ళు కనిపించాయి. ఇప్పుడు పెద్దగా ఎవరూ కొనని రకం అది. పొడుగ్గా, పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగులో, తొక్క మీద బూడిద పూసినట్టు తెల్లటి పొరతో, ఆ పొర మీద అక్కడక్కడ మందు కొట్టినప్పుడు పడి ఎండిపోయిన నీలం చుక్కలతో ఉన్నాయి. ఒక గుత్తి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే బండి ఆయన నన్ను అనుమానంగా చూసి, "వాసన జూసుడేందమ్మా, ఒకటి నోట్లేస్కొని జూడు, తియ్యగ లేకుంటె కొనకు" అన్నాడు. వేసుకున్నాను. గింజ పంటి కింద పటుక్కుమని ఆ వగరు నాలుక మీదికి వచ్చేసరికి నా చుట్టూ ఉన్న హారన్ల మోత ఎటుపోయిందో తెలియలేదు, నేను మేడ్చల్లో ఏడో తరగతి చదువుతున్నాను.

ఇప్పటి మేడ్చల్‌ని మాత్రమే చూసినవాళ్ళకు చెబితే నమ్మరు కానీ, మా చిన్నతనంలో అటు శామీర్‌పేట దాకా, ఇటు కీసర దారిలో చాలా దూరం వరకూ ద్రాక్షతోటలే ఉండేవి. రాతి కూసాలు పాతి, వాటి మీద తీగలు లాగి, తలకు తగిలేంత ఎత్తులో పందిరి కట్టేవాళ్ళు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ పందిళ్ళ కిందికి దూరితే కాళ్ళ కింద తడి మట్టి చల్లగా తగిలేది, పైన ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లరలా రాలేది, మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందు వాసన ముక్కుకు గాటుగా తగులుతుంటే దాని వెనకే పళ్ళ తీపి వాసన వచ్చేది. కోతల కాలంలో ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ కత్తెరలతో గుత్తులు కోసి తట్టల్లో పేర్చేవాళ్ళు, గుత్తి నుంచి రాలిన పళ్ళు మాత్రం పిల్లల సొత్తు. మేము ఒళ్ళో నింపుకుని, ఇంటికి వచ్చేలోపు కడుపు నిండా తిని, రాత్రి అన్నం వద్దంటే తిట్లు తినేవాళ్ళం.

ఆ తోటల మీదే మా ఇల్లు నడిచేది. మా బాపు మోటారు వైండింగ్ మేస్త్రి. ఎండలు ముదిరి కరెంటు సరిగ్గా రాని రోజుల్లో తోటల్లో బోరు మోటార్లు వరసగా కాలిపోయేవి, ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద, ఒక్కోసారి సైకిలు వెనక కట్టుకుని వాటిని మెయిన్ రోడ్డు మీదున్న బాపు దుకాణానికి తెచ్చేవాళ్ళు. మాడిపోయిన పాత తీగను ఊడబెరికి, కొత్త రాగితీగను చుట్టలు చుట్టి, వాటిని గాడుల్లో వెదురు పుల్లతో ఒత్తి కూర్చి, వార్నీషు పోసి ఎండబెట్టేవాడు. బాపు ఒంటికి సబ్బుతో రుద్దినా ఆ వార్నీషు వాసన పోయేది కాదు. మాకు ముక్కలు ముక్కలుగా మిగిలిన రాగితీగ ఇచ్చేవాడు, వాటితో ఉంగరాలు, గొలుసులు, బొమ్మకు ముక్కుపుడకలు చేసుకునేవాళ్ళం. రెండు రోజులకు వేలు పచ్చబడేది.

ఇంట్లో బాపు తల్లి, మా అవ్వ ఉండేది. పొద్దున లేవగానే వాకిట్లో కూర్చుని, అంబలి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, దారిన పోయే ప్రతి మనిషినీ ఎటు పోతున్నావని అడిగేది. సమాధానం చెప్పకుండా పోయినవాళ్ళ గురించి సాయంత్రం దాకా మాట్లాడేది. వానలు పడితే కుంపటి మీద మక్క కంకులు కాల్చేది, మిరప్పొడి, ఉప్పు, నిమ్మచెక్క కలిపి రుద్ది ఇచ్చేది. బతుకమ్మ రోజుల్లో తోటల గట్ల వెంట గునుగు, తంగేడు కోసుకొచ్చి, గునుగు పూలకు రంగులద్ది, ఆ రంగు చేతులతోనే నువ్వుల సత్తు, పల్లీల సత్తు దంచేది. ఆ సత్తులో గులాబీ రంగు గీతలు కనిపించేవి. మేము వాటిని ఏరి తినేవాళ్ళం, రంగు సత్తు ఎక్కువ తియ్యగా ఉంటుందని మా నమ్మకం.

మా అమ్మ నాకు గుర్తు లేదు. నేను నడక నేర్చేలోపే పోయిందట. చాలా ఏళ్ళు బాపు, అవ్వ, నేనే ఉన్నాం. నేను ఆరో తరగతిలో ఉండగా, ఒక వానాకాలం, బాపు మారు మనువు చేసుకున్నాడు. కీసర వైపు పల్లె నుంచి, భర్త పోయిన ఆమెను, ఆమె కూతురితో సహా తీసుకొచ్చాడు. ఒక రేకు పెట్టె, ఒక బుట్టలో కోడిపెట్ట, ఆ బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఆటోలోంచి దిగకుండా కూర్చున్న నా వయసు పిల్ల. ఆ పిల్ల పేరు రేణుక. వాళ్ళమ్మను నేను చిన్నమ్మ అని పిలవాలని అవ్వ చెప్పింది. పిలిచాను, అందులో నాకేం కష్టం లేదు, కష్టమంతా తర్వాత ఇంకో చోట వచ్చింది.

మనకు తెలుగులో ఒక అలవాటుంది. ఎంత ఒంటరి బిడ్డ అయినా 'నా అమ్మ' అనదు, 'మా అమ్మ' అంటుంది. 'మా ఇల్లు', 'మా బాపు', 'మా ఊరు'. ఆ 'మా'లో ఇంకెవరున్నారని ఎవరూ అడగరు. కానీ ఆ 'మా' ఎవరితో అంటున్నామో వాళ్ళు అందులో ఉండరు. వినేవాళ్ళను కూడా కలుపుకోవాలంటే 'మన' అనాలి. పాలు తాగే వయసులోనే ఇది మనకు ఒంటబడుతుంది, అందుకే ఎవరూ దాని గురించి ఆలోచించరు. నేను ఆలోచించాల్సి వచ్చింది. రేణుక నా దగ్గరికి వచ్చి, "మా అమ్మ అన్నానికి రమ్మంటాంది" అనేది. నేను, "మా బాపు వచ్చినంక తింట" అనేదాన్ని. "మీ బాపు ఎప్పుడొస్తడట?" అనేది తను. "మీ అమ్మనే అడుగు" అనేదాన్ని నేను. కొట్లాట కాదు, కోపం కాదు, ఇద్దరం మామూలుగానే మాట్లాడుకునేవాళ్ళం. కచ్చకాయలు కలిసే ఆడేవాళ్ళం, ఒకే దుప్పటి కప్పుకునేవాళ్ళం, కానీ ఒకే ఇంట్లో ఉన్న తల్లి తన వైపు, తండ్రి నా వైపు, మధ్యలో ఆ చిన్న మాటల గోడ. ఆ గోడ మేం కట్టింది కాదు, నోరు తెరిస్తే అదే లేచేది.

చిన్నమ్మ మంచిది. అదే నాకు బాధ. అన్నం ముందు నాకు వడ్డించేది, పెద్ద ముక్క నాకు వేసేది, తల ముందు నాకు దువ్వేది. రేణుకను మాత్రం నోరారా తిట్టేది, పేలు ఎక్కువయ్యాయని నెత్తి మీద మొట్టేది, చదవకుండా తిరుగుతున్నావని చీపురు పట్టుకుని వెంటపడేది. నన్ను ఒక్క మాట అనేది కాదు. చుట్టానికి చేసిన మర్యాద లాంటి ఆ ప్రేమ నాకు గొంతు దిగేది కాదు. రేణుక తిట్లు తిని ఏడుస్తూ మళ్ళీ ఆ తల్లి కొంగులోనే ముఖం తుడుచుకుంటుంటే, నాకు ఆ తిట్ల మీద ఆశ పుట్టేది. నాకూ తల్లి కావాలని ఉండేది, ఆ మాట ఎలా అడగాలో తెలిసేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బడిలోకి ఫ్రెంచి వచ్చింది. తుర్కపల్లి వైపు మందుల లాబులు కొత్తగా వెలుస్తుంటే, వాటిలో పనిచేసే కోస్తా కుటుంబాలు మా ఊరి అంచుల్లో కాలనీలు కట్టుకుంటున్నాయి. ఆ పిల్లల్ని పట్టుకోవాలని మా బడి పెద్దసారు గేటు మీద 'ఇచ్చట ఫ్రెంచి కూడా నేర్పబడును' అని రాయించాడు. దాంతో కాలనీ పిల్లలతో పాటు, నా క్లాసులోనే చేరిన రేణుకతో సహా మేమంతా ఇరుక్కుపోయాం. అవ్వ ఆ సంగతి విని, "గా బాస నేర్సుకుంటె మోటర్లు జల్ది బాగైతయా?" అని అడిగింది. బాపు నవ్వాడు.

నేర్పడానికి వచ్చినామె పేరు మంగతాయారు. అందరికీ తాయారు టీచర్. యానాం ఆమెది. వాళ్ళ తాతగారు ఫ్రెంచివాళ్ళ హయాంలో అక్కడి కచేరీలో రాతపని చేశారట, ఇంట్లో పెద్దవాళ్ళు కోపం వస్తే ఫ్రెంచిలో, ప్రేమ వస్తే తెలుగులో మాట్లాడుకునేవాళ్ళట. భర్తకు తుర్కపల్లిలో ఉద్యోగం, ఆయన కంపెనీ బండిలో పోతే ఈమె అల్వాల్ నుంచి బస్సులో వేలాడుతూ మా బడికి వచ్చేది. నుదుట పెద్ద కుంకుమబొట్టు, చేతిలో వైరుబుట్ట, ఆ బుట్టలో దువ్వెన, తాళంచెవి, గొడుగు, చెంచా. మొదటి రోజు క్లాసులోకి వచ్చి, కిటికీలోంచి కనిపిస్తున్న తోటల వైపు చూసి, "మీ వాళ్ళు ద్రాక్షలకి కొడతారే బోర్డో మందు, ఆ బోర్డో ఒక ఫ్రెంచి ఊరర్రా. మీ ఊళ్ళోకి ఫ్రెంచి నాకంటే ముందే వచ్చేసింది" అంది. మాకు అప్పటికే ఆమె నచ్చేసింది.

ఆ బుట్టలో సామాను ఒక్కొక్కటే పైకెత్తి అది ఆడదా మగదా అని అడిగేది. చెంచాకు ఆడ మగ ఏమిటని మేం పడి పడి నవ్వేవాళ్ళం. తర్వాత నా, నీ, తన అనే మాటల పాఠం వచ్చింది. మగ మాట ముందు మోఁ, ఆడ మాట ముందు మా, ఎక్కువ ఉంటే మే, మూడింటికీ అర్థం 'నా' అనే. ఎవరిదన్నది కాదు, ఏ వస్తువన్నది చూసి మాట మారుతుంది. ఆ వెంటనే పుస్తకాల్లో 'నా తండ్రి' అని ఫ్రెంచిలో రాయమంది. తండ్రి అంటే పేర్, తల్లి అంటే మేర్ అని అప్పటికే నేర్పింది. క్లాసు మొత్తం, కాలనీ పిల్లలతో సహా, ఒక్కటే రాశాం: మా పేర్.

ఆమె పుస్తకాలన్నీ చూసి కుర్చీలో కూలబడి నవ్వింది. "ఒరేయ్, తండ్రి మగాడర్రా, మోఁ పేర్ అనాలి. 'మా' అని ఎందుకు రాశారు అందరూ?" అని అడిగింది. వెనక బెంచీ మీద నుంచి ఒకడు లేచి, "మా నాయిననే గద టీచర్, మా అనక ఇంకేమంటం?" అన్నాడు. ఆమెకు అప్పుడు తట్టింది మేం ఎక్కడ పడ్డామో. "అది తెలుగు 'మా' నాయనా. తెలుగు 'మా' అంటే మా అందరిదీ అని. ఫ్రెంచి 'మా' అంటే నా ఒక్కదానిదే అని. వినడానికి రెండూ ఒకటే, బుద్ధులు వేరు" అంది. అయినా పరీక్ష పెట్టిన ప్రతిసారీ సగం మంది మా పేర్ అనే రాసేవాళ్ళం. నోటికి బాపు ముందు 'మా' తప్ప ఇంకోటి వచ్చేది కాదు.

అక్కకైనా చెల్లికైనా ఫ్రెంచిలో ఒకటే మాట, పెదవులు గుండ్రంగా చుట్టి సర్ అనాలి. ఆడ మాట కాబట్టి ముందు మా. మా సర్. అది వినగానే క్లాసు గోల గోల అయిపోయింది, లెక్కల సార్ మీసాలు గుర్తొచ్చి ఒకడు బెంచీ కిందికి జారిపోయాడు. మరుసటి రోజు ఆటల పీరియడ్లో రేణుక నన్ను, "ఏం సారూ, పందెం కాస్తవా?" అంది. నేను, "కాస్త సారూ" అన్నాను. ఆ రోజు నుంచి ఇద్దరం ఒకరికొకరం సార్లమయ్యాం. ఇంట్లో అవ్వ ముందు కూడా సారూ సారూ అనుకుంటుంటే, "ఆడపొల్లలు గీ సార్లేందే, పిచ్చిగిట్ల లేసిందా?" అని ఆమె పరేషాన్ అయ్యేది. దాని వెనక ఉన్న అర్థం మాకిద్దరికే తెలుసు, కానీ దాన్ని తెలుగులో ఎవరం అనలేదు.

బాపు పాత సామాన్లు కొని తన చేత్తో బిగించి ఇచ్చిన ఒక్క సైకిలే మా ఇద్దరికీ దిక్కు. ఒకరు తొక్కితే ఒకరు వెనక కూర్చునేవాళ్ళం. ఒక రోజు టీచర్ ఆ సైకిలును కిటికీలోంచి చూపించి ఎవరిదని అడిగితే, నేను లేచి నాదని ఫ్రెంచిలో చెప్పాను, రేణుకా లేచి నాదని చెప్పింది. "ఇద్దరిదీ అయితే నోత్ర్ అనాలి" అని ఆమె కొత్త మాట బోర్డు మీద రాసింది. అందరం నోత్ర్ వెలో, నోత్ర్ వెలో అని వల్లెవేస్తుంటే రేణుక మాత్రం చెయ్యెత్తింది. "టీచర్, నోత్ర్ అంటే మా అనా, మన అనా?"

తాయారు టీచర్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "భలే అడిగావే పిల్లా. మా తాతకి కూడా ఈ సందేహం వచ్చుండదు" అంది. "వాళ్ళకి రెండూ ఒకటేనమ్మా. వినేవాళ్ళు అందులో ఉన్నారా లేదా అన్నది ఫ్రెంచివాళ్ళు చెప్పరు. చెప్పడానికి మాట లేదు." రేణుక కూర్చుంది. నేను తన వైపు చూడలేదు, తను నా వైపు చూడలేదు. ఎదుటివాళ్ళను బయట నిలబెట్టడానికి మాటే లేని భాష ఒకటి ఉంటుందా అని నాకు ఆ రోజంతా ఆశ్చర్యంగా ఉంది.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి టీచర్ మా ఇద్దరికీ 'నోత్ర్ ఫామీయ్' అని చిన్న సంభాషణ ఇచ్చింది. అంటే మా కుటుంబం, లేదా మన కుటుంబం, ఏదైనా అనుకోవచ్చు. బాపు దుకాణం ముందు ఖాళీ డ్రమ్ముల మీద కూర్చుని, చుట్టూ కాలిన మోటార్ల మధ్య, రోజూ సాయంత్రం దాన్ని బట్టీ పట్టాం. నోత్ర్ పేర్ మోటార్లు బాగుచేస్తాడు. నోత్ర్ మేర్ వంట బాగా చేస్తుంది. తెలుగులో ఎన్నడూ అనని మాటలను ఫ్రెంచిలో జంకు లేకుండా ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుంటూ అనేవాళ్ళం. లోపల తీగ చుడుతున్న బాపుకు ఏమీ అర్థమయ్యేది కాదు. వార్షికోత్సవం రోజు అవ్వ ముందు వరసలో కూర్చుని మా మాటలన్నీ విని, ఇంటికొచ్చాక చిన్నమ్మతో, "పొల్లలు మేరాయన ముచ్చట జెప్పిండ్రు, జాకెట్లు సరిగ కుట్టలేదేమో" అంది. మా వైపు దర్జీని మేరాయన అంటారు మరి. చిన్నమ్మ నవ్వింది, మేర్ అంటే తనేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పరీక్షలయిపోయి ఎండలు ముదిరిన రోజుల్లో కీసర నుంచి కబురొచ్చింది. రేణుక తండ్రికి అన్న ఒకాయన ఉన్నాడు, తనకు పెద్దనాయిన. తమ్ముడు పోయాక ఆ ఇంట్లో తమ్ముడి గుర్తుగా మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ముసలి తల్లి మనవరాలి కోసం మంచం పట్టి కలవరిస్తోందని, పిల్లను తమ దగ్గర ఉంచుకుని అక్కడి బడిలో వేస్తామని ఆయన మాట. చిన్నమ్మ ఆ కబురు విన్నప్పటి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు, ఎందుకంటే ఆ మనుషులు ఆమెను ఎన్నడూ పల్లెత్తు మాట అన్నవాళ్ళు కాదు, మారు మనువుకు కూడా వాళ్ళే ముందుండి పంపారు. బాపు ఒకటే అన్నాడు. "పిల్ల ఏడ ఉంట అంటె ఆడ. దాన్ని ఎవలం గుంజొద్దు."

రేణుకకు అక్కడి మనుషులంటే ఇష్టమే. ప్రతి దసరాకూ ఆ పల్లెకు సంతోషంగా పోయి వచ్చేది, అక్కడ తనకు మేకపిల్ల ఉంది, ముసలవ్వ ఉంది, తన తండ్రి నాటిన చింతచెట్టు ఉందని నాకు చెప్పేది. నాకు భయం పట్టుకుంది. కచ్చకాయలు ఆడుతుంటే లెక్క తప్పేది. వెళ్ళొద్దని అడగాలంటే, ఏమని అడగాలి, ఏ హక్కుతో అడగాలి? మీ అమ్మ ఇక్కడే ఉంది కదా అనాలా? మా ఇంట్లోనే ఉండు అనాలా? ఎలా అన్నా ఆ మాట మధ్యలో గోడే లేస్తోంది. అడగకుండానే ఉండిపోయాను.

ఆయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. తెల్లటి ధోవతి, భుజం మీద తువ్వాల, చేతిలో మూటగట్టిన పేలాలు, బెల్లం. చల్ల తాగి, అవ్వ క్షేమం అడిగి, బాపుతో తోటల సంగతులు మాట్లాడి, చివరికి గడప దగ్గర నిలబడ్డ రేణుకను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేశాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. "బట్టలు సదురుకో బిడ్డా. మన ఇంటికి పోదం."

మన ఇల్లు. ఆయన ఆ మాటలో ఆ పిల్లను పూర్తిగా కలుపుకున్నాడు. ఆ 'మన'లో ఆయన ఉన్నాడు, ముసలి తల్లి ఉంది, పోయిన తమ్ముడు ఉన్నాడు. మేమెవరం లేం. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు నేల చూపులు చూస్తున్నాడు. రేణుక కాసేపు కాలి బొటనవేలితో గచ్చు మీద రాసింది. తర్వాత తల ఎత్తకుండానే, మర్యాద తప్పకుండా చెప్పింది.

"మా ఇల్లు ఇదే, పెద్దనాయినా. అవ్వను సూడనీకి సెలవులల్ల వస్త."

మన అన్నదాన్ని మా అని మార్చింది, అంతే. కోపగించుకుని వంద మాటలన్నా ఆయనకు అంత స్పష్టంగా తెలిసేది కాదు. ఆయన చెయ్యి తల మీద నుంచి నెమ్మదిగా జారింది. తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, "సరే బిడ్డా, గట్లనే రా" అన్నాడు. ఆయన బాధ చూస్తే నాకూ ఏడుపొచ్చింది. పేలాల మూట అక్కడే పెట్టి, బస్సు వేళయిందని లేచాడు. బాపు ఆయన వెంట బస్టాండు దాకా నడిచి, అక్కడి నుంచి దుకాణానికి పోయాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు కానీ నాకు మాత్రం ఇంకో బెంగ మొదలైంది. 'మా ఇల్లు' అంది సరే, ఆ 'మా'లో ఎవరెవరున్నారు? తను, వాళ్ళమ్మ, అంతేనా? నేనున్నానా? ఆ మాట ఎదుటివాణ్ణి బయట పెడుతుంది కానీ లోపల ఎవరున్నారో చెప్పదు. సాయంత్రం దాకా ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు చిన్నమ్మ లోపలి నుంచి కేకేసింది, అన్నం వండిందని, బాపును పిలుచుకు రమ్మని. రేణుక సైకిలు స్టాండు తీసి, వెనక సీటు నాకు చూపించి, ఏమీ జరగనట్టు అంది.

"పా సారూ. మన బాపును పిలుసుకొద్దం."

నేను ఎక్కి కూర్చున్నాను. దారి పొడుగునా తన జాకెట్టు వెనక భాగాన్ని గట్టిగా పట్టుకుని ఏడ్చాను, తనకు తెలిసే ఉంటుంది, కానీ వెనక్కి తిరగలేదు. దుకాణం దగ్గర దిగగానే తను, "బాపూ, అన్నానికి రా" అంది. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ మనిషిని ఏమనీ పిలవకుండా నెట్టుకొచ్చిన పిల్ల. బాపు చేతిలో రాగితీగ చుట్ట కింద పడి దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది. దాని వెనక ముగ్గురం పరుగెత్తాం. తీగంతా విప్పుకుపోయి, దుమ్ములో చిక్కులు పడి, అది తీసేసరికి చీకటి పడింది.

ఇంటికి వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. చిన్నమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "పిలుసుకు రమ్మంటె గింత సేపా? ఇద్దరికిద్దరు గట్లనే తయారైండ్రు. ఇంకోసారి గిట్ల జేస్తె ఇద్దరి కాళ్ళిరగ్గొడ్త" అని అరిచి, రేణుక నెత్తి మీద ఒకటి, నా నెత్తి మీద ఒకటి మొట్టింది. నొప్పి పుట్టేలాగే మొట్టింది. ఆ పూట నేను తిన్నంత అన్నం ఎప్పుడూ తినలేదు.

ఇప్పుడు ఆ తోటలు లేవు. రాతి కూసాలను పీకి ప్లాట్లకు హద్దు రాళ్ళుగా పాతారు, వాటి మీద నంబర్లు రాశారు. తోటలతో పాటు కాలే మోటార్లు, బాపు దుకాణం, వార్నీషు వాసన పోయాయి, అంతకు ముందే అవ్వ, చివరికి బాపు కూడా పోయారు. గునుగు పూలు ఇప్పుడు బజారులో కట్టలు కట్టి అమ్ముతారు. బడి పేరు మారింది, తాయారు టీచర్ మా పదో తరగతి అయ్యాక భర్త బదిలీతో ఎటో వెళ్ళిపోయింది, ఎక్కడుందో తెలుసుకునే దారి కూడా లేదు. ఫ్రెంచిలో నాకు మిగిలింది ఆ కాసిని మాటలే. రేణుక తుర్కపల్లిలో ఒక లాబులో పనిచేస్తుంది, పొద్దున కంపెనీ బండి ఎక్కుతూ నాకు ఫోన్ చేస్తుంది. మా ఇద్దరి మాటల్లో 'మన అమ్మ' అన్నది ఎప్పుడో అలవాటైపోయింది. కానీ బయటివాళ్ళ దగ్గర, ఆమె ఎదుట, నేను చిన్నమ్మ అనే అంటూ వచ్చాను. అమ్మ అన్న మాటను గుర్తులేని ఒక మనిషి కోసం అట్టిపెట్టుకున్నాననుకుంటాను. దాన్ని తీసి ఇంకొకరికి ఇస్తే నన్ను కన్న ఆమెకు ఏమీ మిగలదని చిన్నప్పుడే ఎందుకో అనుకున్నాను.

ద్రాక్షపళ్ళు కొన్న ఆ రోజు నేను అల్వాల్‌లో దిగింది ఊరికే కాదు. చిన్నమ్మ కంటి పొర తీయించడానికి రేణుక ఆమెను ముందే తీసుకొచ్చి ఆసుపత్రిలో కూర్చోబెట్టి డ్యూటీకి వెళ్ళింది, నేను వెళ్ళి ఇంటికి తీసుకురావాలి. వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయి, కంటి మీద తెల్లటి గుడ్డ కట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. నర్సు మందులు చేతికిస్తూ, "ఈమె మీకేమైతరమ్మా?" అని అడిగింది.

"మా అమ్మ" అన్నాను.

అనాలని అనుకుని అనలేదు. చుట్టూ ఏమీ ఆగిపోలేదు, నర్సు చుక్కలు ఎన్నిసార్లు వెయ్యాలో చెబుతూనే ఉంది. చిన్నమ్మ మాత్రం గుడ్డ కట్టిన కంటితోనే నా వైపు తిరిగి, రెండో కంటికీ సరిగ్గా ఆనక, చెయ్యి చాచి గాలిలో వెతికి, నా మోచెయ్యి దొరకబుచ్చుకుంది. నర్సు చెబుతున్నది నాకు ఒక్క ముక్క తలకెక్కడం లేదు, ఆ చేతి మీద నా కన్నీళ్ళు పడుతున్నాయి. చిన్నమ్మ ఎప్పటి గొంతుతోనే కసిరింది. "ఆపరేషన్ నాకైతె నీ కండ్లల్ల నీళ్ళేందే? ఆమె మందుల ముచ్చట జెప్తాంది, మంచిగ ఇను."